వెర్న్ టామ్‌చాక్ ఐదేళ్ళ తీర్పు

వెర్న్ టామ్‌చాక్ వంటింట్లో రొట్టెలు దాచుకునే చెక్కపెట్టె ఒకటి ఉంది. అందులో రొట్టె పెట్టి ముప్ఫయ్యేళ్ళు దాటింది. ఇప్పుడందులో ఉన్నవి నోటు పుస్తకాలు, ఏడాదికొకటి చొప్పున నలభై ఒకటి. పెళ్ళికి పుట్టింటి వాళ్ళిచ్చిన పెట్టె వీటి పాలయిందని అతని భార్య రోజలీ కొన్నాళ్ళు సణిగింది. ఆ తర్వాత రొట్టె ఫ్రిజ్ మీద పెట్టుకోవడం నేర్చుకుంది.

ఆ పుస్తకాల నిండా డ్రాఫ్టే. ఏటా ఏప్రిల్ చివర మూడు రోజుల పాటు అమెరికన్ ఫుట్‌బాల్ జట్లన్నీ కాలేజీ ఆట ముగించిన కుర్రాళ్ళను వంతులవారీగా ఎంచుకుంటాయి. కిందటేడు అట్టడుగున పడ్డ జట్టుకు మొదటి వంతు ఇస్తారు. ఆ లెక్కన మన ఊరి జట్టుకు మొదటి వంతు రావలసినన్ని సార్లకంటే ఎక్కువే వచ్చింది. ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న ఈ ఊళ్ళో జనానికి గెలుపు చూసే యోగం లేకపోయినా, వచ్చే ఏడాది మీద ఆశ పెట్టుకునే యోగం మాత్రం దండిగా ఉంది. అందుకే ఇక్కడ క్రిస్మస్ తర్వాత పెద్ద పండగ డ్రాఫ్టే.

డ్రాఫ్ట్ అయిన మర్నాడు దేశమంతా మార్కులు వేస్తుంది. పేపర్లవాళ్ళు, టీవీవాళ్ళు, క్షవరం చేసేవాడు, చర్చిలో గంట కొట్టేవాడు, అందరూ ఎవరికి తోచిన గ్రేడు వాళ్ళిస్తారు. వెర్న్ మాత్రం ఇవ్వడు. అతను ముప్ఫై మూడేళ్ళు ఇనుప ఫౌండ్రీలో పోత ముక్కల్ని తనిఖీ చేసిన మనిషి. అచ్చులోంచి తీసిన ముక్క వేడి మీద ఉన్నప్పుడు ఎంత నిగనిగలాడినా నమ్మడానికి లేదు. చల్లారాక సుత్తితో కొట్టి, మోత విని, అప్పుడు తేల్చాలి. పనికిరాని దాని మీద సుద్దతో పెద్ద ఇంటూ మార్కు పెట్టి కరిగించడానికి వెనక్కి పంపేవాడు. కుర్రాళ్ళ సంగతీ అంతేనని అతని నమ్మకం. మన జట్టు ఒకణ్ణి ఎంచుకోగానే అతని పేరు రాసి, దాని కింద ఆ తర్వాత మిగతా జట్లు ఎంచుకున్న పదిమంది పేర్లూ రాసి పుస్తకం మూసేస్తాడు. ఐదు సీజన్లు గడిచాక తెరిచి, మనం తీసుకున్నవాడు ఏమయ్యాడు, వదిలేసినవాళ్ళు ఏమయ్యారు అని పక్కపక్కన పెట్టి చూస్తాడు. అప్పుడు గ్రేడు, ఎ నుంచి ఎఫ్ దాకా.

ఆ గ్రేడును పోలండ్ నుంచి వలసొచ్చినవాళ్ళు కట్టుకున్న పోలిష్ హాల్లో, డ్రాఫ్ట్ మూడో రోజు శనివారం మధ్యాహ్నం భోజనాల వేళ చదివి వినిపించడం ఆనవాయితీ. చివరి వంతుల్లో ఎవరూ వినని పేర్లు టీవీలో వినబడుతూ ఉంటాయి. ఆలుగడ్డ కూరిన పీరోగీలు, సాసేజీలు, బీరు గ్లాసుల మధ్య వెర్న్ లేచి కళ్ళజోడు సర్దుకుంటాడు. హాలు సద్దుమణుగుతుంది. అతను అన్నేళ్ళలో ఒక్కరి మొహం చూసి ఒక్క మార్కు మార్చలేదని ఊరందరికీ తెలుసు. మనిషికి ఆ పేరంటే ప్రాణం.

అలాంటివాడు ఒక్కసారి నోరు జారాడు.

ఆ సంగతి చెప్పాలంటే ఎమెట్ హాస్కిన్స్ గురించి చెప్పాలి. ఎమెట్ మన జట్టుకు స్కౌట్. అంటే కాలేజీల వెంట తిరిగి కుర్రాళ్ళ ఆట చూసి, ఎవరు పనికొస్తారో రాసి పంపే ఉద్యోగం. ఒహాయో, మిషిగన్, ఇండియానా మూడూ అతని కిందే. ఏడాదిలో రెండొందల రోజులు కారులోనే గడిపేవాడు. భార్య పోయాక మిగతా రోజులు గడపడం కష్టమైంది. ప్రతి శుక్రవారం సాయంత్రం హాల్లో వేయించిన చేప తినడానికి వెర్న్ పక్కన కూర్చునేవాడు. వంటగది కిటికీ పక్క బల్ల వాళ్ళిద్దరిదీ. ఇరవై రెండేళ్ళలో ఎమెట్ ఆ బల్ల దగ్గర జట్టు లోపలి మాట ఒక్కటి చెప్పలేదు, వెర్న్ అడగలేదు. సరస్సు గురించి, కుక్క గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకునేవాళ్ళు.

ఆ ఏడు డ్రాఫ్ట్‌లో మన రెండో వంతు వచ్చేసరికి డాంటే మార్లో అనే క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపించేవాడు, ఇంకా మిగిలే ఉన్నాడు. అందగాడు, బంతి విసిరితే అరవై గజాలు. దేవుడే మనకోసం మిగిల్చాడని హాల్లో అందరూ లేచి నిలబడ్డారు. మనవాళ్ళు మార్లోను వదిలేసి టోబిన్ క్రౌజ్ అనే పేరు చదివారు. ఇండియానాలో ఎవరూ వినని చిన్న కాలేజీలో ముందు వరసలో అడ్డు నిలబడే బండ కుర్రాడు. హాల్లో ఒకాయన టోపీ తీసి నేలకేసి కొట్టాడు. ఇండియానా అంటే ఎమెట్ ఇలాకా. కాబట్టి ఈ ఘనకార్యం ఎమెట్‌దేనని ఊరు అప్పటికప్పుడు తీర్మానించేసింది. ఈ ఊళ్ళో అది పాత అలవాటు. కుర్రాడు ఏ దిక్కునుంచి వస్తే ఆ దిక్కు తిరిగిన స్కౌట్ మెడకు అతన్ని చుట్టేస్తారు.

మర్నాడు పొద్దున ఊరి రేడియోవాళ్ళు వెర్న్‌కు ఫోన్ చేశారు. ముప్ఫై అయిదేళ్ళు దాటిన అనుభవం, మీలాంటి పెద్దమనిషి ఒక్క మాట చెబితే చాలు అని అనౌన్సర్ ములగచెట్టు ఎక్కించాడు. వెర్న్‌కు రాత్రి నిద్రలేదు, మార్లో కళ్ళముందే ఉన్నాడు. "ఈ పోతకు చల్లారేదాకా ఆగక్కర్లేదయ్యా. ఎఫ్. సుద్దతో ఇంటూ మార్కు పెట్టేశా, వెనక్కి పంపెయ్యండి" అనేశాడు. అనౌన్సర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఊరు కూడా నవ్వింది. రోజలీ మాత్రం నవ్వలేదు. కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి, కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ చెప్పేది అంది.

ఆ సాయంత్రానికి ఎమెట్ గ్యారేజీ తలుపు మీద నిలువెత్తు ఇంటూ మార్కు వెలిసింది. ఎవరు గీశారో తెలియదు. వెర్న్ గీయలేదు, కానీ సుద్ద అతనిచ్చిందే. ఎమెట్ దాన్ని తుడవలేదు. తొమ్మిది రోజుల తర్వాత వాన పడి అదే పోయింది. ఆ వచ్చిన శుక్రవారం అతను హాలుకు రాలేదు, ఆ తర్వాత శుక్రవారమూ రాలేదు. ఏడాది తిరక్కుండా జట్టుకు కొత్త అధికారి వచ్చాడు. తన మనుషుల్ని తెచ్చుకుని పాత స్కౌట్లు ఎనిమిదిమందిని ఇంటికి పంపాడు. వాళ్ళలో ఎమెట్ ఒకడు. చూశారా, క్రౌజ్ దెబ్బకు ఎమెట్ పడ్డాడు అన్నారు జనం.

వెర్న్ క్షమాపణ చెప్పడానికి వెళ్ళాలనుకున్నాడు. ఎలా వెళ్తాడు? ఎఫ్ తప్పని తేలలేదు. తేలని మాటకు తప్పొప్పుకోవడం అతని నియమానికి విరుద్ధం. ఐదేళ్ళు ఆగుదామనుకున్నాడు. నియమాన్ని తెగ్గొట్టి స్నేహితుణ్ణి పోగొట్టుకున్నవాడు, మళ్ళీ అదే నియమం చాటున దాక్కున్నాడు. నాకు వెర్న్ అంటే ఎంత ఇష్టమైనా ఈ ఒక్క విషయంలో మనసు ఒప్పదు.

ఐదు సీజన్లు గడిచాయి. డాంటే మార్లో మూడు జట్లు మారి, చివరికి టెక్సస్‌లో కార్ల షోరూమ్ ప్రకటనల్లో తేలాడు. టోబిన్ క్రౌజ్ ఎనభై పైచిలుకు ఆటల్లో ఒక్కటి కూడా తప్పలేదు. రెండుసార్లు లీగ్ అత్యుత్తమ జట్టులో చోటు సంపాదించాడు. పిల్లలు అతని నంబరు చొక్కాలు తొడుక్కుని బడికి వెళ్తున్నారు. వెర్న్ పెట్టెలోంచి పుస్తకం తీసి, క్రౌజ్ కింద రాసిన పది పేర్లూ వేలితో చూసుకుంటూ వచ్చాడు. ఒక్కడు కూడా సాటిరాడు. సందేహం లేకుండా ఎ.

శనివారానికి ఇంకా నాలుగు రోజులుంది. వెర్న్ పుస్తకం చంకలో పెట్టుకున్నాడు. రోజలీ గసగసాల రొట్టె చుట్టి ఇచ్చింది. ఎమెట్ ఇంటికి ఏడు నిమిషాల దారి, ఐదేళ్ళ తర్వాత బయల్దేరాడు.

ఎమెట్ పెరట్లో పడవ బోర్లించి, అడుగున గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. ముసలి కుక్క వెర్న్‌ను గుర్తుపట్టి తోక ఊపింది. ఎమెట్ తల మాత్రం ఊపాడు. వెర్న్ నిలబడే చెప్పాడు. క్రౌజ్ విషయంలో తాను తప్పు, ఎమెట్ ఒప్పు అని, శనివారం హాల్లో అందరి ముందూ అదే చదువుతానని, ఎమెట్ పేరు చెప్పి మరీ చదువుతానని అన్నాడు. ఈ మాటలు దారి పొడుగునా వల్లించుకుంటూ వచ్చాడు, ఒక్కటీ తప్పకుండా అప్పజెప్పాడు.

ఎమెట్ రుద్దడం ఆపలేదు. రుద్దుతూనే అడిగాడు. "ఒరే వెర్న్, ఆ కుర్రాడి మోకాలు రెండో ఏడే విరిగిపోయుంటే, ఇవాళ నువ్వొచ్చేవాడివా?"

అబద్ధమాడటం వెర్న్‌కు చేతకాదు. కుక్క వైపు చూస్తూ నిలబడ్డాడు. "వచ్చేవాణ్ణి కాదేమో" అన్నాడు.

"మరింకేం. నువ్వొచ్చింది నాకోసం కాదు, వాడి మోకాలి పుణ్యాన."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే వెర్న్ తట్టుకునేవాడు. ఎమెట్ పడవ మీద దుమ్ము అరచేత్తో తుడిచి, గసగసాల రొట్టె అందుకుని, తిరగేసిన బకెట్ మీద కూర్చున్నాడు.

"ఇంకో సంగతి. వాణ్ణి తీసుకోమని నేను చెప్పలేదు. వద్దన్నాను."

వెర్న్‌కు మొదట అర్థం కాలేదు. ఎమెట్ నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. క్రౌజ్‌ను తాను మూడుసార్లు వెళ్ళి చూశాడు. కాళ్ళు బరువు, చేతులు పొట్టి అనిపించింది. ఐదో వంతు దాకా ముట్టుకోవద్దని రాసిచ్చాడు. అప్పటి పెద్ద అధికారి ఒక్కసారే చూసి మనసు పారేసుకున్నాడు. జట్టువాళ్ళు కూర్చుని ఎంపిక తేల్చే గదిలో ఎమెట్ చెయ్యెత్తి కాదన్నాడు, ఆయన విన్నాడు, విని తనకు తోచిందే చేశాడు. అది ఆయన హక్కు. ఇప్పుడాయన ఎక్కడో ఫ్లోరిడాలో ఉన్నాడు, ఆయన్ని ఈ ఊళ్ళో ఎవరూ తలుచుకోరు.

"మూడుసార్లు చూసినవాడికి కనబడనిది ఒక్కసారి చూసినవాడికి కనబడింది. ఏం చూశాడో నాకిప్పటికీ తెలీదు" అన్నాడు ఎమెట్.

"అయితే ఆ రోజే ఒక్క మాట చెప్పలేకపోయావురా! నీ తలుపు మీద గీశారు. ఊరంతా..."

"గదిలో మాట గదిలోనే ఉండాలి. నావల్ల కాదు, ఆయనవల్ల అని బయటికొచ్చి చెప్పేవాడు రేపు ఏ గదిలోకీ పనికిరాడు."

"మరి ఇప్పుడు చెప్పావేం?"

ఎమెట్ రొట్టె తుంచి కుక్కకు పెట్టాడు. "తిడితే పడ్డాను, ఫరవాలేదు. నాది కాని మెప్పు తీసుకుని ఆ హాల్లో కూర్చుని బీరు తాగమంటే నావల్ల కాదు. నీతో మాత్రం చెబుతున్నా. నా పేరు దానికి తగిలించకు. ఎందుకని ఎవరడిగినా చెప్పకు."

వెర్న్ ఇంటికొచ్చి రోజలీతో కూడా చెప్పలేదు. నలభై నాలుగేళ్ళ కాపురంలో ఆమె దగ్గర అతను దాచిన మొదటి మాట అదే. ఏమన్నాడు అని ఆమె రెండుసార్లు అడిగింది. పడవ బాగుచేసుకుంటున్నాడని చెప్పాడు. మూడోసారి అడక్కుండా గిన్నెలు కొంచెం గట్టిగా కడిగింది.

శనివారం హాలు కిటకిటలాడింది. బీరు పోసే రే డోబెక్ చాలా హడావిడి చేశాడు. ఎమెట్ పేరు చెక్కించిన ఇత్తడి పలక ఒకటి చేయించి, కిటికీ పక్క బల్లకు కొట్టడానికి మేకులూ సుత్తీ సిద్ధంగా పెట్టుకున్నాడు. ఆనాడు ఇంటూ మార్కు చూసి అందరికంటే ఎక్కువ నవ్వినవాడు డోబెక్కే. జనం సంగతి అంతే, గాలి ఎటు వీస్తే అటు తూర్పార పడతారు.

వెర్న్ లేచి కళ్ళజోడు సర్దుకున్నాడు. ఆ ఏటి ఏడుగురి పేర్లూ ఒక్కొక్కటే చదివాడు. క్రౌజ్ దగ్గర ఆగి, ఎ అన్నాడు. హాలు దద్దరిల్లింది. గోల తగ్గాక ఇంకోటి చదివాడు. క్రౌజ్‌ను తీసుకున్న మర్నాడు పొద్దున రేడియోలో తానిచ్చిన గ్రేడుకు ఎఫ్. చల్లారక ముందే కొట్టాడు, అదీ ఒక మనిషి మీద కొట్టాడు, ఆ మనిషికి తాను బాకీ అని చెప్పాడు. అప్పుడు డోబెక్ పలక ఎత్తి పట్టుకుని, ఎమెట్ తెచ్చిన కుర్రాడి పేరున అందరికీ ఒక గ్లాసు అన్నాడు.

"ఎమెట్ పేరు దీనికి పెట్టడం లేదు" అన్నాడు వెర్న్.

ఎందుకన్నారు. చెప్పలేదు. ఎమెట్ ఇలాకా కుర్రాడు కాదా అన్నారు. వెర్న్ పుస్తకం మూశాడు. మొదట గుసగుసలు, తర్వాత నవ్వులు మొదలయ్యాయి.

"తప్పొప్పుకుంటాడు గానీ ఎదుటోడికి మెప్పు మాత్రం ఇవ్వడు. చింత చచ్చినా పులుపు చావలేదు, చూడండి" అన్నాడు డోబెక్.

వెనక బల్లల వాళ్ళు అందుకున్నారు. స్నేహితుడి మంచి చూసి ఓర్వలేని తీర్పరి అని ఒకరు, ఆ పుస్తకాలన్నీ ఇలాగే రాశాడేమోనని ఇంకొకరు అన్నారు. ఆ చివరి మాట వెర్న్ గుండెల్లో దిగబడింది. నలభై ఒక్క పుస్తకాల పరువు ఒక్క వాక్యంతో నిలబెట్టుకోవచ్చు. ఆ వాక్యం నాలుక చివర ఉంది. మంచినీళ్ళు తాగి, దాన్ని మింగి, కోటు తీసుకున్నాడు. రోజలీ కూడా లేచి అతని చెయ్యి పట్టుకుంది. దారిలో ఆమె ఏమీ అడగలేదు. ఇల్లు చేరాక మాత్రం, నువ్వు ఊరికే అలా చేసే మనిషివి కాదులే అంది.

ఆదివారం చర్చికి బయల్దేరుతుంటే తమ గ్యారేజీ తలుపు మీద తెల్లగా ఇంటూ మార్కు కనబడింది. రోజలీ గుడ్డ తీసుకొచ్చింది. వెర్న్ వద్దన్నాడు. వాన రానీ అన్నాడు. ఆ వారమంతా చినుకు పడలేదు. వీధిన పోయేవాళ్ళు కార్లు నెమ్మదిగా నడిపి మరీ చూసి వెళ్ళారు. పొద్దున్నే పేపరు తీసుకోవడానికి వెళ్ళినప్పుడల్లా వెర్న్ దాని ముందునుంచే నడిచాడు. తొమ్మిది రోజులంటే ఎంతో అతనికి మూడో రోజుకే తెలిసివచ్చింది.

శుక్రవారం ఐదు గంటలకు, హాల్లో చేప వేయించడం మొదలయ్యే వేళకు, ఎమెట్ పాత కారు వచ్చి ఇంటిముందు ఆగింది. దిగి గ్యారేజీ తలుపు వైపు చాలాసేపు చూశాడు. వెర్న్ మెట్ల మీదికొచ్చాడు.

"హాల్లో ఏం జరిగిందో విన్నాను. ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"రోజలీకి?"

"ఊహూఁ."

ఎమెట్ తలుపు దగ్గరికి వెళ్ళి, వేలితో సుద్ద రాసి చూసుకున్నాడు. "వాన దాకా ఉంచుదామనా?"

"నువ్వు ఉంచావు కదరా" అన్నాడు వెర్న్.

"నేను వాన కోసం ఉంచలేదు. నువ్వొచ్చి తుడుస్తావేమోనని ఉంచాను."

వెర్న్ మెట్ల మీద కూలబడి, పెద్దవయసు మనిషి, మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. తొమ్మిది రోజులు, ఏడు నిమిషాల దూరం. క్రౌజ్ మంచివాడో చెడ్డవాడో తేలడానికి ఐదేళ్ళు పడుతుంది గానీ, దీనికి ఒక్క తడిగుడ్డ సరిపోయేది.

ఎమెట్ అతన్ని ఏడవనిచ్చాడు. తోటకు నీళ్ళుపోసే కుళాయి తిప్పి, తన చేతిరుమాలు తడిపి, తలుపు తుడవడం మొదలుపెట్టాడు. పై కొస అందలేదు. వెర్న్ లేచి వెళ్ళి, చొక్కా చేత్తోనే ఆ పైముక్క తుడిచాడు. తర్వాత ఇద్దరూ ఎమెట్ కారులో హాలుకు వెళ్ళి, వంటగది కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని చేప తిన్నారు. డోబెక్ ఏదో అడగబోతే, ఎమెట్ నిమ్మచెక్క తెమ్మన్నాడు.